కిరాయికి వెళ్లి విన్న సువార్త

సినిమా చూసి మతం మార్చుకున్నవాడని మా బంధువర్గంలో నాకొక పేరుంది. ఆ పేరు పెట్టింది మా అన్నయ్యే. "కిరాయికి మైకు సెట్టు పట్టుకెళ్లి, వచ్చేటప్పుడు దేవుణ్ణి మార్చుకొచ్చాడు" అని ఆయన పెళ్లిళ్లలో చెబుతూ ఉంటే నలుగురూ నవ్వేవారు, నేనూ వాళ్లతో పాటు నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ మాటలో నిజమెంతో, కానిదెంతో తేల్చుకోవలసిన అవసరం మాత్రం చాలా ఏళ్ల తర్వాత, మా అమ్మాయి బాప్తిస్మానికి సిద్ధపడుతూ నన్నొక ప్రశ్న అడిగినప్పుడు వచ్చింది. అది తేల్చుకోవడానికి నాకు తోడ్పడింది మళ్లీ ఒక సినిమాయే.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఇటువైపు కలిసిన పట్టణం ఇది. ఊరు దాటి కాస్త ముందుకు వెళ్తే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వచ్చేస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ కలిపి మాట్లాడుతూ పెరిగాం. మా నాన్న పోయాక కిరాణా దుకాణం అన్నయ్య చూసుకోగా, మైకు సెట్టు వ్యాపారం నా వంతుకు వచ్చింది. రథయాత్రకు, అమ్మవారి సంబరాలకు, పెళ్లిళ్లకు, ఎన్నికల సభలకు, క్రైస్తవుల కూటాలకు ఒకే ఆంప్లిఫయరు, అవే హారన్లు, అదే జనరేటరు వెళ్లేవి. ఎవరి కార్యక్రమంలో ఏం మాట్లాడుతున్నారో పట్టించుకోవడం నా పని కాదు. మాట చివరి వరుసలో కూర్చున్నవాడికి వినబడుతోందా, కీచుమంటోందా అన్నదే నా పని.

1990ల తొలి సంవత్సరాల్లో ఒక సువార్త బృందం వారు కొండ దిగువ ఊళ్లలో 'కరుణామయుడు' చిత్రాన్ని ప్రదర్శించడానికి నన్ను పిలిచారు. భీమ్‌సింగ్ దర్శకత్వంలో విజయచందర్ యేసుగా నటించిన ఆ చిత్రం 1978లోనే విడుదలైనా, మా ప్రాంతపు పల్లెల్లో దాన్ని చూసినవారు అప్పటికీ తక్కువే. ప్రొజెక్టరు, రీళ్లు వాళ్లవి. కరెంటూ శబ్దమూ నావి. జనరేటరు మోత ప్రేక్షకులకు వినబడకూడదు కనుక దాన్ని తెర వెనుక దూరంగా పెట్టి, నేనూ అటువైపే కూర్చునేవాణ్ణి. తెల్లటి గుడ్డ తెర కావడం వల్ల వెనుక నుంచి కూడా బొమ్మ కనిపించేది, కాకపోతే అంతా తిరగబడి ఉండేది. యేసు ఎడమచేత్తో దీవించేవాడు, శిష్యులు ఎడమచేత్తో రొట్టె తినేవారు. చాలాకాలం పాటు నాకు తెలిసిన క్రీస్తు ఆ ఎడమచేతివాటం క్రీస్తే.

రీలు మార్చేటప్పుడు ఒక బల్బు వెలిగించేవారు. ఆ వెలుగులో బృందంలోని పాస్టరు గారు అప్పటివరకు జరిగిన కథను కొండ గిరిజనులైన సవరల భాషలో క్లుప్తంగా చెప్పేవారు. గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసింది మా ఊళ్లో ఉండగానే అని బళ్లో చెప్పారు కానీ, ఆ భాష మాట్లాడే తెలుగువాణ్ణి నేను కళ్లారా చూసింది ఆయననే. ఆయన చెబుతూ ఉంటే ముందు వరుసల్లో కూర్చున్న ముసలివాళ్లు మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేవారు, ఆయన జవాబు చెప్పేదాకా రెండో రీలు మొదలయ్యేది కాదు. జనరేటరులో డీజిలు అయిపోతుందేమోనని నాకు చిరాకుగా ఉండేది.

శిలువ మోసే ఘట్టంలో పాట వచ్చేసరికి జనం ఏడ్చేవారు. నేను ఏడవలేదు. పాట ఎక్కడ ఎత్తుకుంటుందో, ఎక్కడ శబ్దం కొంచెం పెంచితే ఆడవాళ్ల వైపు నుంచి వెక్కిళ్లు వినిపిస్తాయో తెలిసినవాడికి ఆ కన్నీళ్ల మీద అంత గురి ఉండదు. అమ్మవారి సంబరంలో డప్పు దరువుకు పూనకం రావడమూ నాకు తెలుసు. అక్కడా మైకు నాదే. అందువల్ల పాటకు కరిగిపోయి మతం మారాడని ఎవరైనా అంటే అది నా విషయంలో నిజం కాదని గట్టిగానే చెప్పగలను. నన్ను పట్టుకున్నది వేరొకటి, అది తెర మీదా తెర బయటా ఒకేసారి జరగడం వల్ల పట్టుకుంది.

తెర మీద యేసు, ఊరివాళ్లు దూరం పెట్టినవాళ్లతో కూర్చుని తింటున్నాడు. నాకు అందులో వింతేమీ కనిపించలేదు, సినిమా కదా. అయితే ప్రదర్శనకు ముందు పాస్టరు గారు ఒక సవర ఇంటి అరుగు మీద కూర్చుని, సొరకాయ డొప్పలో పోసిన చోడి (రాగి) అంబలి తాగడం నేను చూస్తూనే ఉండేవాణ్ణి. నేను మాత్రం మా అమ్మ కట్టి ఇచ్చిన పులిహోరో అటుకులో వ్యాన్‌లో కూర్చుని తినేవాణ్ణి. ఆ ఊళ్లలో మంచినీళ్లు కూడా ముట్టకూడదన్నది మా ఇంటి కట్టుబాటు, దాన్ని ఎవరూ నోటితో చెప్పనక్కర్లేకుండానే పాటించేవాళ్లం. ఒక రాత్రి వాన పట్టుకుని ప్రదర్శన ఆలస్యమై, నా మూట తడిసి పాడైపోయింది. ఆ ఇంటి పెద్దావిడ నా చేతికి కూడా డొప్ప ఇచ్చింది. తాగాను. పాస్టరు గారు నా వైపు చూసి ఏమీ అనలేదు, దాన్ని సువార్త చెప్పే అవకాశంగా వాడుకోలేదు. అర్ధరాత్రి ప్రదర్శన ముగిశాక ఎప్పటిలాగే వైర్లు చుట్టడంలో నాకు సాయం చేశారు, అంతే.

ఆ తర్వాతే నేను ఆయన్ని, యేసు జీవితాన్ని చెప్పే బైబిలు పుస్తకాల్లో ఒకటైన లూకా సువార్త అడిగాను. చిన్న పుస్తకం, చిల్లర డబ్బుల ధర. దుకాణంలో పని లేనప్పుడు చదివేవాణ్ణి. సినిమాలో లేని విసుగు పుస్తకంలో ఉంది: మూడో అధ్యాయంలో వంశావళి, అక్కడక్కడా ఎవరికీ నచ్చని కఠినమైన మాటలు, ఇల్లు వదిలి రమ్మనే పిలుపులు. సంగీతం లేకుండా ఆ మాటలు ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఆ సంవత్సరాల్లో నేను ఆదివారం ఆరాధనకు వెనుక వరుసలో కూర్చునేవాణ్ణి, అప్పుడప్పుడూ అన్నయ్యతో కలిసి గుడికీ వెళ్లేవాణ్ణి. ఈ దశ గురించి మా సంఘంలో ఎవరూ అడగరు, నేనూ చెప్పలేదు, ఎందుకంటే సాక్ష్యం చెప్పేటప్పుడు జనం ఎదురుచూసేది రోగం నయం కావడం, కల రావడం, తాగుడు మానడం వంటివి. దుకాణంలో కూర్చుని నెమ్మదిగా చదివినవాడి కథలో కూడిక మధ్యలో "స్తోత్రం" అనడానికి తగిన చోటు ఉండదు.

2000 దాటిన తర్వాత బాప్తిస్మం తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. మా రాష్ట్రంలో అది నది ఒడ్డుతో మొదలయ్యే పని కాదు. 1967 నాటి ఒడిశా మతస్వేచ్ఛ చట్టం కింద 1989లో చేసిన నియమాల ప్రకారం, మతం మారదలచిన వ్యక్తి అది తన సొంత ఇష్టంతో చేస్తున్నదేనని మేజిస్ట్రేటు ముందు ప్రకటించాలి. కార్యక్రమం జరిపించే బోధకుడు 15 రోజుల ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు తేదీ, స్థలం, పేర్లతో తెలియజేయాలి. ఈ చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. దీని మంచి చెడ్డల మీద మా వాళ్లలో రకరకాల అభిప్రాయాలున్నాయి, నాకూ ఉన్నాయి. ఇక్కడ నాకు కావలసింది ఆ ప్రకటనలో నేను ఏం చెప్పవలసి వచ్చిందన్నదే. ఎవరైనా బలవంతపెట్టారా, ఆశ చూపారా, డబ్బు ముట్టిందా అని గుమస్తా గారు వివరంగా అడిగారు. డబ్బు ముట్టిన మాట వాస్తవమే, జనరేటరు కిరాయి, అదీ అప్పటికి రెండు దఫాలు బాకీ ఉందని చెప్పాలనిపించింది. చెప్పలేదు. బలవంతమూ ప్రలోభమూ లేవని రాసి సంతకం పెట్టాను, అది అక్షరాలా నిజం.

ఆ సంతకం తర్వాత కూడా పాస్టరు గారు నన్ను తొందరపెట్టలేదు. కొంతకాలం తరగతులకు రమ్మన్నారు. మా అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "పేరు కూడా మార్చేస్తారా, నాయనా?" అదే ప్రశ్న నేను తీసుకెళ్లి పాస్టరు గారిని అడిగితే, ఆయన మా ప్రాంతానికే చెందిన పురుషోత్తమ చౌదరి గారి సంగతి చెప్పారు. 1803లో బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, తెలుగు క్రైస్తవులు ఇప్పటికీ పాడుకునే కీర్తనలు ఎన్నో రాసిన ఆ మహానుభావుడు 1890లో పోయేదాకా పురుషోత్తముడుగానే ఉన్నాడు. జగన్నాథుడికున్న పేరుతోనే ఆయన క్రీస్తును కీర్తించాడని ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. ఆవిడ దానికి సంతోషించలేదు కానీ, నా పేరు నిలిచినందుకు కొంత ఊరట పొందింది. బాప్తిస్మం మహేంద్రతనయ నదిలో జరిగింది. నీళ్లు మోకాళ్ల దాకానే ఉండటంతో లోతు చూసుకుంటూ చాలా దూరం నడవవలసి వచ్చింది, ఆనాటి జ్ఞాపకాల్లో నాకు బాగా మిగిలింది ఆ నడకే.

ఇక అమ్మాయి ప్రశ్న. మాది బాప్టిస్టు సంఘం కనుక, విశ్వాసుల ఇంట్లో పుట్టినా సరే, పిల్లలు పెరిగి తమంతట తాము ఒప్పుకున్నాకే బాప్తిస్మం. తరగతిలో ఆమెను సాక్ష్యం రాసుకురమ్మన్నారు. తనకు 'అంతకుముందు' అనేదే లేదని, పుట్టినప్పటి నుంచీ ఆదివారం బడిలోనే ఉన్నానని ఆమె బాధ. "నువ్వు ఏ రోజు నమ్మావు, నాన్నా?" అని అడిగింది. నది రోజా, సంతకం రోజా, పుస్తకం అడిగిన రోజా, అంబలి తాగిన రాత్రా అని నాలో నేనే లెక్క వేసుకుని, "చెబుతాను, ఉండమ్మా" అన్నాను.

అదే సమయంలో గుడ్ ఫ్రైడేకు ముందు వారం సంఘంలో లూకా సువార్త ఆధారంగా 1979లో వచ్చిన 'జీసస్' చిత్రపు తెలుగు రూపం ప్రదర్శించాలనుకున్నారు. ప్రపంచంలో అత్యధిక భాషల్లోకి అనువదించిన చిత్రంగా దానికి పేరు. శబ్దం సరిచూడటానికి ముందుగా ఇంట్లోనే వేసి చూశాను, అమ్మాయి పక్కన కూర్చుంది. ఈసారి నేను తెరకు ముందు వైపు ఉన్నాను, పైగా ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకునే వీలుంది.

సరస్సు ఒడ్డున, యేసుకు శిష్యుడు కాబోయే జాలరి సీమోను పడవ దగ్గరకు వచ్చేసరికి ఆపాను. ఈ కథలో అందరికీ గుర్తుండేది వలలు చినిగేంతగా పడిన చేపలు, ఆ వెంటనే మోకాళ్ల మీద పడిన సీమోను. దానికి ముందు ఏం జరిగిందో లూకా అయిదో అధ్యాయం మొదటి అయిదు వచనాల్లో ఉంది. జాలరులు రాత్రంతా వేటాడి, ఏమీ దొరకక, వలలు కడుక్కుంటున్నారు. జనం మీద మీద పడుతుంటే యేసు సీమోను పడవ ఎక్కి, ఒడ్డు నుంచి కొంచెం లోపలికి తొయ్యమని అడిగి, అందులో కూర్చుని ఉపదేశించాడు. ఆ ఉపదేశమంతా అయ్యేవరకు సీమోను ఎక్కడికి పోతాడు? పడవ అతనిది. మనసు నిద్ర మీదో, ఇంటి మీదో ఉన్నా, తన సామాను ఉపయోగంలో ఉంది కనుక చివరిదాకా ఉండి వినవలసిందే. ఆ రోజుకు ఆ పడవ ఒక మైకు సెట్టు. నేను గట్టిగా నవ్వేసరికి అమ్మాయి కంగారుపడింది.

అన్నయ్య వేళాకోళానికి నాకు మొదటిసారి తగిన జవాబు దొరికింది. కిరాయికి వెళ్లినవాడే నేను, సామాను అక్కడ ఉంది కనుకే కథ అంతా విన్నాను, అందులో దాచవలసిందేమీ లేదు. నేను మొదట చూసిన చిత్రం నన్ను మార్చలేదు. ఒక మాట నా చెవిన మళ్లీ మళ్లీ పడేంతసేపు నన్ను ఒక చోట కూర్చోబెట్టింది. తెర మీద కనిపించినదానికి పక్కనే అరుగు మీద ఒక మనిషి అంబలి తాగుతూ కనబడకపోతే ఆ కూర్చోవడం వల్ల కూడా ఏమీ అయ్యేది కాదని నా నమ్మకం. భక్తి చిత్రాలు తీసేవాళ్లూ ప్రదర్శించేవాళ్లూ ప్రేక్షకుడి కన్నీటిని ఫలితంగా లెక్కపెట్టుకోవడం, ప్రదర్శన చివర చేతులెత్తమని అడిగి ఆ సంఖ్య రాసుకోవడం నాకు ఇప్పటికీ నచ్చదు. చేతులెత్తనివాళ్లలో తెర వెనుక జనరేటరు దగ్గర కూర్చున్నవాడు కూడా ఉంటాడు.

తర్వాత కొన్ని రాత్రులు ఇదే చిత్రాన్నీ లూకా పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని సీమోను పేతురు వెంట నడిచాను. పడవ సంగతికి ముందే, నాలుగో అధ్యాయంలో, యేసు అతని అత్తగారి జ్వరాన్ని పోగొట్టాడు, అంటే పడవ కూడా మొదలు కాదు. చివరి భోజనం దగ్గర, ఇరవై రెండో అధ్యాయంలో, నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచమని యేసు అతనితోనే అంటాడు. వలలు వదిలి, అన్నీ విడిచి, ఇంతకాలం వెంట తిరిగినవాడితో, మనసు తిరగడం ఇంకా జరగవలసి ఉన్నట్టుగా! అదే రాత్రి చలిమంట దగ్గర అతను యేసును ఎరుగనని మూడుసార్లు అన్నాక, ప్రభువు వెనుదిరిగి పేతురు వైపు చూశాడని రాసినది నలుగురు సువార్తికులలో లూకా ఒక్కడే. పుస్తకంలో అది ఒక చిన్న వాక్యం, చదువుతూ దాటిపోయేవాణ్ణి. నటుల ముఖాల మీద అదే చూపును ఎదురుగా చూసినప్పుడు దాటిపోవడం కుదరలేదు. సినిమాకు పుస్తకం మీద ఏదైనా ఆధిక్యం ఉంటే ఇలాంటి చోటే ఉంది.

ఆ చూపు దగ్గర నాకు గుర్తొచ్చింది మా అమ్మ పోయిన రోజు. అన్నయ్య తలకొరివి పెట్టాడు. నేను పాడె మోశాను, పిండ ప్రదానంలో పాల్గొనలేదు. మోయడం కూడా తప్పేనని మా సంఘంలో ఒకరిద్దరు అన్నారు, పాల్గొనకపోవడం కన్నతల్లికి ద్రోహమని బంధువులు అన్నారు. నేను ఇద్దరికీ జవాబు చెప్పలేదు. ఆ రోజు నేను తీసుకున్న నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, కానీ అది నదిలో మునిగిన రోజుకంటే ఎక్కువగా నన్ను పరీక్షించిందని, నేను క్రైస్తవుణ్ణని నాకు నేను ఒప్పుకున్నది ఆ శ్మశానంలో అన్నయ్య పక్కన నిలబడినప్పుడేనని ఈ సినిమా చూస్తూ ఉండగా తెలిసింది. అమ్మాయి ప్రశ్నకు ఇచ్చిన జవాబులో ఈ సంగతి కూడా చేర్చాను. తేదీ లేకుండా, మొదలు ఎక్కడో చెప్పకుండా, జరిగినవి జరిగిన వరుసలో చెప్పాను. ఆమె తన కాగితం మీద ఏం రాసుకుందో నేను అడగలేదు. పుట్టుకతోనే క్రైస్తవురాలు కనుక ఆమె విషయంలో మేజిస్ట్రేటు ముందు ప్రకటన అవసరం లేదు.

ప్రదర్శన రోజు పాస్టరు గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ఇదే చెప్పాను, చోడి అంబలితో సహా. సభ ముగిశాక మా సంఘ పెద్ద ఒకాయన దగ్గరకు వచ్చి, "అంతా బాగుందయ్యా, రక్షణ పొందిన రోజు చెప్పలేదేం?" అన్నారు. పేతురు సంగతి చెప్పాను. ఆయన ఊరుకోలేదు. దమస్కు దారిలో క్రీస్తు దర్శనంతో మారిన పౌలుకు ఒక రోజు లేదా, అంతదాకా ఎందుకు, ఇప్పుడు చూసిన సినిమాలోనే తనను చూడటానికి మేడిచెట్టెక్కి, పిలిస్తే దిగిన జక్కయ్యతో నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు చెప్పలేదా అన్నారు. చెప్పాడు, లూకా పంతొమ్మిదో అధ్యాయంలోనే ఉంది. జక్కయ్య చెట్టెక్కింది చూడటానికే కదా, ఎక్కిన ఘడియను ఎందుకు లెక్కలోకి తీసుకోరని నేను అడిగాను. చెట్టెక్కినవాళ్లందరికీ రక్షణ రాదు, దిగినవాడికి వచ్చిందని ఆయన అన్నారు. ఆయన మాటలో బలం ఉందని నాకు తెలుసు. వచ్చే శ్రమకాలానికి, అంటే ఈస్టరు ముందు ఉపవాస దినాలకు, పేతురు మీద ఆయనా జక్కయ్య మీద నేనూ మాట్లాడాలని పాస్టరు గారు మా ఇద్దరికీ అంశాలు తారుమారు చేసి ఇచ్చారు. మైకు సెట్టు ఎప్పటిలాగే నాదే, కిరాయి మాత్రం సంఘం నుంచి తీసుకోను.